చేదునీళ్ళు

సూర్లా ఉప్పుమడుల్లో
మా మావ దండాసి నీటిని నాలుకతో చదువుతాడు.

బాహుదా మొగలోంచి మళ్ళించిన సముద్రం
మొదటి మడిలో ఇంకా సముద్రమే.
మాఘం వెళ్ళేసరికి అడుగున సున్నపు పొర,
గోటితో గీకితే పిండి, రుచి లేదు.
"దీనికి తొందర. కాస్త ఎండకే దిగిపోద్ది."

రెండో మడిలో సూదులు.
జిప్సం వచ్చిందని ముందు పాదానికే తెలుస్తుంది.
పోయినేడు మడమలో విరిగిన ముక్కని
పిన్నీసుతో తీసి దీపం ముందు పెట్టి చూశాను:
అద్దంపెంకు. అటువైపు మంట కనిపించింది.

ఉప్పు మాత్రం ఆగుతుంది.
పది కుండల్లో తొమ్మిది ఆకాశం తాగేశాక,
ఏ గాలీ లేని మధ్యాహ్నం
నీటి మీద నలుచదరపు తెప్పలు,
గోరంతవి,
బరువెక్కి ఒక్కొక్కటే మునుగుతాయి.

బరంపురం కాలేజీ కుర్రాడొకడు వచ్చి
రాళ్ళూ ఇలాగే పుడతాయన్నాడు,
సముద్రాలకి సముద్రాలే ఎండి,
లక్షల ఏళ్ళు, కొండల మందాన.
మావ పార ఆపాడు.
"మరి అన్నేళ్ళూ చేదునీళ్ళు ఎవరు తోడేరు?"
కుర్రాడు నవ్వి, రాసుకున్నాడు.

ఉప్పు కూడా వద్దనుకున్న నీళ్ళవి.
రోజూ మేమే తోడి గట్టవతల పోస్తాం.
అక్కడ గడ్డి మొలవదు,
నా చేతి పగుళ్ళు మానవు.

ఈ చైత్రం వాన ముందే పడింది.
రాశి పోయని ఉప్పంతా ఒక్క రాత్రిలో పోయింది.
మావ వేలు ముంచి నాకి
"మళ్ళీ మొదటి మడే" అన్నాడు.
రెండో మడిలోకి దిగాను.
సూదులు కరగలేదు.