నాలుగో రోజుకి ముందు

నవంబరు చివర్లో వార్డోలో సూర్యుడు
చెప్పా పెట్టకుండా పోతాడు.
జనవరి సగం దాటాకే మళ్ళీ ముఖం చూపించడం.
మధ్యలో ఆ ఎనిమిది వారాలూ
పగలు కాడ్ చేపల తలలు కోస్తాను,
రాత్రి నౌక నడుపుతాను.
పగలంటే ఏమిటని అడక్కండి.
ఫ్యాక్టరీ కూత వేస్తే పగలు,
మళ్ళీ వేస్తే రాత్రి.

నా నౌకలోనూ అంతే.
రెండు వందల పన్నెండేళ్ళ ప్రయాణం,
ఏ నక్షత్రమూ చేరువలో లేదు.
దీపాలు వెలిగితే పొద్దు, ఆరితే మాపు.
ఆదివారాల లెక్క మహలతు చేతిలో ఉంది:
నీళ్ళ గొట్టం మీద ఉలితో గీత,
వాళ్ళమ్మ గీతల పక్కన, అమ్మమ్మ గీతల కింద.

అక్కడ ద్రాక్ష పండదు.
నాచు పులియబెట్టి గిన్నెలో పోస్తారు.
బాప్తిస్మం నీళ్ళు ఎన్నిసార్లు
చెమటై, కన్నీరై, చెప్పకూడనివై
తిరిగొచ్చాయో యంత్రానికి తెలుసు.
“అయినా నీళ్ళే” అంటాడు ముసలి మెకానిక్కు.
ఆ మాట రాసిన రాత్రి
లేచి వెళ్ళి కుళాయి తిప్పి
చాలాసేపు చూస్తూ నిలబడ్డాను.

మా నాన్న ఆదివారం వల వేసేవాడు కాదు,
పడవ కింద చేపలు మెరుస్తున్నా,
తోటివాళ్ళు సణుగుతున్నా.
మహలతుని కనడానికి
నాకు దొరికిన రక్తం అదే.

ఓస్లో నుంచి సంపాదకురాలు రాసింది:
రాకెట్టైనా ఉంచండి, ప్రార్థనైనా ఉంచండి,
రెండూ ఒక ఒరలో ఇమడవు.
మా పాస్టరు ఐవిండ్‌ది వేరే గొడవ:
“అంత దూరం చేరడానికి కృపకి ఎన్నాళ్ళు పడుతుంది, తోర్గున్?
అదీ వెలుతురు వేగమేనా?”
అతను నవ్వలేదు. నేనూ నవ్వలేదు.
కాఫీ చల్లారిపోయింది.

నూట నలభయ్యో పేజీలో కథ ఆగింది.
గొట్టం పగిలింది. గీతలున్న ముక్క
శూన్యంలోకి ఎగిరిపోయింది.
ఇవాళ ఏ వారమో నౌకలో ఎవరికీ తెలీదు.
కింది అంతస్తు వాళ్ళు రేపే ఆదివారమంటారు,
పై వాళ్ళు ఎల్లుండంటారు.
ఒకళ్ళకి తెలీకుండా ఒకళ్ళు
పాటల పుస్తకాలు దాచేసుకున్నారు.
మహలతు నా వైపు చూసింది.
నాకేం తోచలేదు.
క్రిస్మస్ వచ్చి వెళ్ళింది. తలలు కోశాను.

జనవరిలో తుపాను.
కరెంటు పోయింది, ఫోను చచ్చింది, నాకు జ్వరం.
పడుకున్నాను, లేచాను, పడుకున్నాను,
ఎన్నిసార్లో లెక్క లేదు.
గాలి ఆగిన నిశ్శబ్దానికి మెలకువొచ్చి
గుండె గుభేలుమంది: గంట!
ముప్పై ఒక్క ఏళ్ళుగా
ఆదివారం గంట కొట్టేది నేనే.
నైటీ మీద కోటు తగిలించుకుని
పడుతూ లేస్తూ పరుగెత్తాను.
తాడు గడ్డకట్టి కర్రలా ఉంది.
వేలాడి లాగాను.

వచ్చారు.
లాంతర్లు, టార్చిలైట్లు: ఒకటి, నాలుగు, పదకొండు.
ఓడ్వార్ రెండు కాళ్ళకీ రెండు రకాల బూట్లు.
అందరూ కూర్చున్నాక
బోర్గిల్డ్ మనవడు మెల్లిగా అన్నాడు,
“ఇవాళ గురువారం కదా,
బామ్మ గురువారం గడిలో మాత్ర ఇందాకే వేసుకుంది.”
నా చెవులు వేడెక్కాయి.
బోర్గిల్డ్ వాడి టోపీ సర్దింది.
ఎవరూ లేవలేదు.

ఐవిండ్ కొవ్వొత్తి దగ్గరికి జరిపి
మొట్టమొదటి పేజీ తీశాడు.
ముందు వెలుగు. సూర్యుడు నాలుగో రోజున.
సూర్యుడి ఊసే లేకుండా
మూడు సాయంకాలాలు, మూడు ఉదయాలు గడిచాయని
పుట్టినప్పటి నుంచీ వింటున్నాను.
ఆ గురువారం వినపడింది.

ఇంటికొచ్చాక వేళ్ళు వంగక
పెన్సిలు పిడికిట్లో పట్టుకుని రాశాను:
మహలతు వంటగదిలోంచి గరిటె తెచ్చి
మిగిలిన గొట్టం మీద కొట్టింది,
ఏ రోజని ఎవర్నీ అడక్కుండా.

ముందుగా ఏ అంతస్తు తలుపు తెరుచుకుందో
ఇంకా రాయలేదు.
కరెంటొచ్చింది, కూత వేశారు.
మూడు రోజుల చేపలు
పేరుకుపోయి ఉన్నాయి.