గడ్డి మందు

ఇరవై ఆరేండ్లు హాలియాల మందుల దుకాణం నడిపిన.
గడ్డి ఏదైనా నాకు రెండే తీర్లు:
ఎడల్పాకుది, సన్నాకుది.
దేనికి ఏ డబ్బ, ట్యాంకుకు ఎన్ని మూతలు,
నిద్రల లేపి అడిగినా చెప్పేటోణ్ణి.
వాటి పేర్లు మాత్రం ఎవలూ అడగలే.

దుకాణం అమ్మినంక
ఇంటెనక జాగ మొదటిసారి కండ్లవడ్డది.
పగిలిన సిమెంటు గోలెం, పాత ఇటుకలు,
తొలి వానకు మోకాలెత్తు లేచిన పచ్చదనం.
స్ప్రేయర్ దించిన. నాజిల్ కడిగిన.
"లింగమ్మను పిలుస్త, కూలికి పీకుతది" అన్నది ఆండాలు.

లింగమ్మ వచ్చింది గని పీకలే.
గొంతుక్కూసొని ఒక్కోదాన్ని పలుకరిచ్చింది.
ఇది గలిజేరు, పప్పుల ఏస్తరు.
ఇది తుమ్మికూర, చవితికి కావాలె.
ఇది ఉత్తరేణి,
నీ పంచె పట్టుకొని ఆపేది ఇదే సేటూ.
వయ్యారిభామను మాత్రం
చేతికి కొంగు చుట్టుకొని వేళ్ళతో గుంజి పారేసింది.
కూలి ఇయ్యబోతే
ఒడి నిండ ఆకు చూపి "ముట్టింది" అన్నది.

శ్రావణంల గోడ పగులు నుంచి జిల్లేడు లేచింది.
దాని మీద నల్లచారల పురుగులు, పసుపు బొట్లవి,
పొద్దుగూకేలోపు ఆకును ఈనెదాక తిన్నయి.
నా కుడిచెయ్యి దానంతటదే
గాలిల లేని మూతను తిప్పింది.
ఇరవై ఆరేండ్ల చెయ్యి, దాని తప్పేముంది.
ఎడమచేత్తో పట్టుకున్న.

పదిదినాలకు గోలెం అంచు కింద
లేతపచ్చ గింజొకటి వేలాడింది.
"నా బుట్టకమ్మ లెక్కుంది" అన్నది ఆండాలు.
అండ్లకెల్లి ఏమెల్లిందో నేను చూడలే,
కరెంటు బిల్లు కట్టపోయిన.
వచ్చేసరికి ఉత్త పొట్టు.

పక్కింటి బిచ్చమయ్య సారు గోడ మీంచి:
"పాములొస్తయి."
జెర్రిపోతు వచ్చి నెలాయె సారూ,
మీ ఇంట్ల ఎలుకలు తగ్గలేదా?

మొన్న పేరూరు కెల్లి పాత గిరాకి వచ్చిండు,
గట్టు మీది గడ్డికి ఏం కొట్టాలెనని.
నాలికె మీదికి డబ్బ పేరు వచ్చింది, ధరతో సహా.
మింగి, "అది ఏం గడ్డి?" అన్న.
నా మొకం చూసి,
బస్టాండు కాడి కొత్త దుకాణానికి పోయిండు.

కొట్టంల స్ప్రేయర్ అట్లనే ఉంది.
ఎన్నిసార్లు కడిగినా వాసన పోలే.
పాత చెప్పుల గూడు పెట్టిన పిట్టలు
దాని దిక్కు పోవు.