లప్పం

లప్పం కావాలని వచ్చిన వాళ్లను
నేను ముందు అడిగేది ఒకటే: సందెంత?
వెంట్రుకంతా, గోరంతా?
పోస్టుకార్డు దూరుతుందా, దూరి నిలబడుతుందా?
చెప్పలేనివాళ్లకు ఏమీ అమ్మను.
వ్యాపారం చేసే తీరు ఇది కాదంటుంది మా ఆవిడ.
ఒలొమొట్స్‌లో, ట్రాము కీచుమని మలుపు తిరిగే చోట
ఇరవై రెండేళ్లుగా ఇలాగే చేస్తున్నాను.

గొట్టంలో వచ్చే బూడిదరంగుది
ఘాటు వాసనతోనే సగం పని అయిపోయినట్టు నమ్మిస్తుంది.
పొద్దున పూడ్చిన అతుకు
సాయంత్రానికి సన్నగా నోరు తెరుస్తుంది.
ఆరడమంటే దానికి ముడుచుకుపోవడమే.
మందంగా మెత్తితే కింది ప్లాస్టిక్కును కరిగించి
రెక్కను నానిన రొట్టె చేస్తుంది.
పలచగా వెయ్యి. ఒక రాత్రి ఆగు. మళ్లీ వెయ్యి.

రెండు ముద్దలది వేరే జాతి.
నీలం, పసుపు; పిసికితే పచ్చన.
గంటసేపు నీ మాట వింటుంది,
తడివేలితో నిమిరితే నున్నబడుతుంది.
ఆ తర్వాత ఎవరి మాటా వినదు.

సూపర్ జిగురులో టాల్కం పౌడరు కలిపేవాళ్లున్నారు,
వాళ్లను వేళ్లు చూసి గుర్తుపడతాను.
బిగిసిన వెంటనే గరుకుకాగితం పట్టాలి.
కాఫీ తాగి వచ్చావా, అమృతం విషమైనట్టే:
చుట్టూ ప్లాస్టిక్కు అరిగిపోతుంది,
అది మాత్రం పొలంగట్టులా మిగులుతుంది.

నీళ్లది మంచిదే, తడి దూదిపుల్లతో తుడిస్తే చాలు.
దాని మీద గీత గీస్తే మాత్రం పెచ్చులూడుతుంది.

నాకిష్టమైనది నా కొట్లో దొరకదు:
భాగాలన్నీ తుంచాక మిగిలిన చట్రాన్ని
ముక్కలు చేసి, పలచని జిగురులో నానబెట్టిన పాకం.
ఆ విమానం ఒంటితోనే ఆ విమానం గాయానికి మందు.
ఆరడానికి వారం.
వారమెవరికుంది?

ఫిబ్రవరిలో ఒక మంగళవారం
టోపీ మీది మంచు దులపకుండానే
లోపలికి వచ్చింది జ్డిస్లావా.
షుంపెర్క్‌లో నలభై ఏళ్లు పళ్లసెట్లు చేసిన మనిషి.
సందెంత అన్నాను.
సందు లేదంది.
మరి లప్పమెందుకు?
చిగుళ్ల రంగుది కావాలంది.

సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది
పొలాలకు మందు చల్లే విమానం, అరచేతిలో పట్టేది.
తుమ్మెద అనేవాళ్లట అప్పట్లో.
అతుకులన్నీ ఎంత చక్కగా మూసిందో,
వేలితో వెతికినా దొరకలేదు నాకు.

డెబ్బై ఎనిమిది, జూన్.
చక్కెరదుంపల మీద వాళ్లన్నయ్య ఒత్మార్
అవసరమైన దానికంటే ఇంకాస్త కిందికి దిగాడు.
చేను చివర బేరిచెట్టు కొమ్మ
రెక్క కొనను గిల్లుకుంది.
రాసి పంపితే లైసెన్సు పోతుంది.
ఆ రాత్రి తన ల్యాబు నుంచి
పళ్లసెట్ల పొడి, ద్రవం హ్యాండుబ్యాగులో పెట్టుకెళ్లి
టార్చిలైటు కింద చిల్లు పూడ్చింది.
తెల్లారేలోగా మీద పసుపు రంగు.
తొమ్మిదేళ్లు ఎగిరింది ఆ చిగురుతో.
"వెంట్రుకవాసి కూడా ముడుచుకోలేదు" అంటూ
నా గొట్టాల అర వైపు ఒక చూపు చూసింది.

రెండు ముద్దలదే పిసికాం, ఎర్ర పొడి చిటికెడు,
తెల్లది ఇంకాస్త. మూడోసారికి ఒప్పుకుంది.
ఆవగింజలో సగం.
పళ్ల పనిముట్టుతోనే పెట్టింది, చెయ్యి వణకలేదు.
రుద్దరా అని అడిగాను.
"అప్పుడు రుద్దే టైమెక్కడిది, కోడి కూసింది."
మర్నాడు వచ్చి, దాని మీద కూడా పసుపు వేసేసింది.

ఏప్రిల్లో ప్రొస్తెయోవ్ పోటీలో
బల్లల మధ్య వంగి వంగి తిరిగిన జడ్జి
చీటీ రాసి పెట్టాడు:
కుడి రెక్క కొన దగ్గర లప్పం సరిగా రుద్దలేదు,
ఒక మార్కు కోత.

కళ్లజోడు పైకి తోసుకుని రెండుసార్లు చదివింది.
"నలభై ఏడేళ్లకు దొరికిపోయాం," అంది,
"ఒక్క మార్కేనా?"