కెమెరాకు బొట్టు

జహ్రాలో దుమ్ము లేచిందంటే
ఆకాశం పసుపునీళ్లు కలిపిన గంగాళం.
బడి బస్సు రాదు.
ఘానిమ్ చదివే బడే
వంటింటి బల్ల మీదికి వస్తాది,
జానెడు అద్దంలో కూచోని.

ఆ పొద్దు నేను ఎర్రగడ్డలు తరుగుతాంటి.
అద్దంలో టీచరమ్మ ముఖం
నోరు తెరిచింది తెరిచినట్టే ఆగిపాయె.
ఇంక యంత్రమే అందుకునె:
"ఐన్" అను.
వాడు అనె.
కాదు, ఇంకొకసారి.
అనె.
కాదు, ఇంకొకసారి.
పదకొండుసార్లు చెప్పినా దానికి విసుగు రాలే.
మా ఊరి ఒంటి పంతులు
రెండోసారికే బెత్తం తీస్తాండె.
మూడోసారి లేకుండా నేను గొర్ల వెంట పోతి.

పన్నెండోసారి
గొంతు అడుగున, చేపముల్లు ఇరుక్కునే కాడ
ఆ అక్షరం పలికింది.
పలికింది ఘానిమ్ కాదు, నేను.
"శభాష్" అనె అద్దం.
నలభైమూడేండ్లకు నన్ను శభాష్ అన్న మొదటి నోరు.
ఆ నోట్లో పండ్లు లేవు.

ఇది జరిగి ఎనిమిది నెలలు.
ఇప్పుడు మందుసీసా మీది రాత కూడబలుక్కుంటా.
ఒకదినం నా బతాకా తీసి చూసుకుంటి.
ఓబుళమ్మను "అబూలామా" అని రాసినారు.
తొమ్మిదేండ్లు
ఎవురి పేరు మోసినానో తల్లీ!

అందుకే అద్దాన్ని తిట్టేదానికి నాకు నోరు రాదు.
కానీ చూస్తానే ఉండా.

ఘానిమ్ రబ్బరు అరగడం మానేసె.
ముందైతే వారానికొకటి.
బల్ల తుడిస్తే నల్లటి నలుసులు గుడ్డకంటుకునేవి.
ఇప్పుడు లెక్క అడ్డం తిరిగితే చాలు
వాడు అడుగుతాడు, అది చెప్తాది, వీడు ఎక్కిస్తాడు.
నెలాఖరుకు మామా ఫోనులో పచ్చటి చక్రం తిరుగుతాది:
నూటికి తొంభై ఏడు.
మామా వాని నెత్తిన ముద్దు పెడతాది.
రబ్బరు మాత్రం పెట్టెలో
విప్పని సబ్బుబిళ్ల మాదిరి.

మొన్న రొట్టెల కొట్టు కాడ
అర దినారిచ్చి పన్నెండు రొట్టెలు తీసుకుంటిమి,
ఒకటి ఇరవై ఫిల్సు.
"ఎంత తిరిగి రావల్ల, ఘానిమ్?"
వాని కండ్లు నా సంచి వెతికె,
అద్దం ఉందేమోనని.
చేయి చాపితి.
వేలికి మూడు కణుపులు, నాలుగు వేళ్లకు పన్నెండు.
బొటనవేలితో ఒక్కో కణుపే ఒత్తుకుంటా
మా అవ్వ మంద మొత్తం ఇంటికి తోలేది,
పిల్ల గూడా తప్పకుండా.
ఇరవై, నలభై, అరవై...
ఏడో కణుపు కాడ తప్పె. మళ్లా మొదటినుంచి.
వెనక నిలబడినాయన కసురుకునె.
రొట్టెలు చేయి కాలుస్తాండె.
నేనూ విసుక్కుంటి. నేనేమన్నా యంత్రాన్నా?
"రెండొందల నలభై! అంటే... అంటే...
రెండొందల అరవై!"
వాడు ఎగిరినప్పుడు
వాని చెమట నా వేళ్ల సందుల్లో ఉండె.

ఇంకొకటి చెప్పల్ల.
ఆ అద్దానికి ఒంటి కన్ను.
వాని చూపు కిటికీ వైపు పోతే కీచుమంటాది.
పాఠం అయిపోయినా రెప్ప వాల్చదు.
మామా నన్ను అరిసేది, నేను చాటుగా కండ్లు తుడుచుకునేది
అన్నీ చూస్తాంటాదేమో,
ఎవురికి మోస్తాదో.
ఒక రేయి నా నుదుటి బొట్టుబిళ్ల తీసి
దాని కంటికి అంటిస్తి.
తెల్లారి మళ్లా దుమ్ము. బడి నుంచి ఫోను:
ఘానిమ్ గైర్హాజరు.
వాడు దాని ముందరే కూచోని
గొంతు చించుకోని పాఠం చదువుతాంటే!

అప్పటినుంచి మా ఇద్దరికీ ఒప్పందం.
పాఠం జరిగినంతసేపు బొట్టు నా నుదుట.
పాఠం అయిందంటే ఘానిమే పీకి
దాని కంటికి పెడతాడు.
అటూ ఇటూ మారి మారి జిగురు చచ్చిపాయె.

ఈ పొద్దు పప్పుగిన్నెలో పడె.
గరిటె పట్టుకోని
ఇద్దరం వెతకతా ఉండాం.
అద్దం చూస్తా ఉండాది.