ఒకటే మెడ

కందుకూరు మండల కమిటీకి
ఇరవై ఆరేళ్లుగా మినిట్స్ రాసేది నేనే.
మాల్యాద్రి చేతిరాత ముత్యాలంటారు.
ఏం రాశాడో మాత్రం
ఇంతవరకూ ఎవరూ చదవలా.

మా పార్టీకో నియమావళి ఉంది.
అట్ట ఊడిపోయింది, పదిహేడో పేజీలో టీ మరక.
అందులో అంతా కింద నించి పైకే:
బూత్ సభ్యులు గ్రామ కమిటీని ఎన్నుకోవాల,
గ్రామాలు మండలాన్ని, మండలాలు జిల్లాని,
అట్టా అట్టా రాష్ట్ర కార్యవర్గం దాకా
బ్యారన్లో పొగాకు కర్రలు పేర్చినట్టు
అంతస్తు మీద అంతస్తు.
కట్టడం అట్టాగే కట్టారు.
పొయ్యి ఒక్కటే
పైన పెట్టారు.

సభ్యత్వాల ఆఖరి తేదీ రాత్రి
ఓటర్ల జాబితా ముందరేసుకుని
ముగ్గురం, మూడు రంగుల పెన్నులతో
తెల్లారేసరికి నాలుగొందల మందిని చేర్చాం.
అందులో మా మేనత్త పోలేరమ్మ ఉంది.
ఆమె పోయి అప్పటికి రెండేళ్లు.
బతికుండగా ఏ జెండా ముట్టనిది
పోయాక క్రియాశీల సభ్యురాలైంది.

జిల్లాలు చీల్చినప్పుడు
ఒంగోలు ఆఫీసు కింద ఉన్నోళ్లం
నెల్లూరు ఆఫీసు కిందకొచ్చాం.
మేం కదల్లా. మా మీదోళ్లు మారారు.
లెటర్‌హెడ్లు కొత్తగా కొట్టించాం.
క్రమశిక్షణ సంఘానికి పెట్టిన ఫిర్యాదు మాత్రం
అక్కడా లేదు, ఇక్కడా లేదు,
గుడ్లూరు దగ్గరెక్కడో
బస్సు దిగిపోయుంటది.

ఈసారి అధ్యక్షుడి పేరు
ఆదివారం పొద్దున్నే వచ్చింది,
అంటించిన కవర్లో, పరిశీలకుడి చంకలో.
మీటింగు పదకొండుకి.
తొమ్మిదిన్నరకే నేను పేజీ నింపేశా:
సభ్యులందరూ ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు.
పేరు దగ్గర రెండంగుళాలు వదిలా.
పొడుగు పేరైతే ఇరకదేమోనని
అదొక్కటే ఆ పూట నా దిగులు.

పొగాకు వ్యాపారుల సంఘం మేడ మీద
అద్దె కుర్చీలు ఇరవై మూడు.
కవరు చించారు. చప్పట్లు.
దండ మెళ్లో పడబోతుంటే
పలుకూరు చెంచమ్మ లేచింది.
బూత్ కన్వీనరు, గ్రేడింగు కూలికి పోయే మనిషి,
వేళ్లకి ఆకు జిగురు ఇంకా వదల్లా.
"ఒక మాటయ్యా, రాసేది నువ్వేగా.
ఏకగ్రీవం అంటే ఏంది?"

చెప్పకుండా ఉండాల్సింది.
"ఏకమంటే ఒకటి, గ్రీవమంటే మెడ.
అందరిదీ ఒకటే మెడ అని."

ఆమె కుర్చీలన్నీ ఒకసారి కలయజూసింది.
"ఇరవై మూడు తలకాయలుండాయే ఈడ.
మరి ఆ మెడ ఎవురిదబ్బా?"

కొత్త అధ్యక్షుడు ముందు నవ్వాడు,
కాబట్టి అందరూ నవ్వారు.
పరిశీలకుడు ఫోన్లో ఏందో వెతుక్కున్నాడు.
"నేను చెయ్యెత్తలా. ఆ ముక్క రాసుకో"
అని కూర్చుంది చెంచమ్మ.

రాయాల్నంటే పేజీలో చోటేదీ?
ఎవరు ఒప్పుకోకపోయినా నమోదు చెయ్యాలని
నియమావళిలో ఉంది, సరిగ్గా టీ మరక కింద.
అందరూ బజ్జీల దగ్గరికి పోయాక
పక్కన మార్జిన్లో
చీమ తలకాయంత అక్షరాలతో రాశా:
చెంచమ్మ చెయ్యెత్తలేదు.

నెల్లూరుకి జిరాక్సు పోయింది.
ఆ మిషన్లో మార్జిన్ పడదు.
పై ఆఫీసులో మా మండలం
ఇప్పటికీ నున్నటి ఒకే మెడ.
అసలు పుస్తకం మా ఇంట్లో ఉంది,
బీరువాలో, బియ్యం కార్డు పక్కన.

పోయిన నెల చెంచమ్మ వచ్చింది,
ఇక రాదనుకున్న మనిషి.
రసీదు పుస్తకం, చీర కొంగున చిల్లరా
బల్ల మీద పెట్టింది.
"పదకొండు మంది.
అందరూ బతికే ఉండారు,
కావాలంటే వచ్చి చూసుకో."