మెస్సు ఖాతాలో జనవరి

పన్నెండో తారీఖు పొద్దున్నే
బీహారు రామ్‌సూరత్ గుమ్మంలో నిలబడ్డాడు.
"అక్కా, ఎల్లుండికి పెరుగు గట్టిగా తోడెయ్యి.
ఆ పగలు మావాళ్లు పొయ్యి రాజెయ్యరు.
అటుకులు, పెరుగు, బెల్లం. అంతే."
నలభై మందికి ఆరని పొయ్యి నాది.
ఆ మాట చెవికెంత చల్లగా తగిలిందో!

ఒరిస్సా కైబల్యకి
బియ్యం వండక్కర్లేదంట.
నానబోసి, కచ్చాపచ్చాగా దంచి,
అల్లం, కొబ్బరి, అరటిపండు కలిపితే చాలంట.
"కానీ కొత్త బియ్యం కావాలి."
కొత్తవి యాడ తెచ్చేది నాయనా!
నెల్లూరు చేలు ఇంకా పొట్టకి రాలా,
మాఘం దాటితే గాని కొడవలి పడదు.
క్యాలెండరు మాత్రం
పంట ఇంటికొచ్చిందని
ఎర్రక్షరాలతో చెప్తానే ఉంది.

సేలం ముత్తువేల్
వైరు రంపం మిషను ఆపి వచ్చాడు,
నీళ్లు కారే చేతుల్తో.
పొంగు తూర్పుకి పొర్లాలంట.
మా రేకుల షెడ్డుకి తూర్పున గోడ.
వాకిలి తీస్తే పడమర, క్వారీ గుంట.
పొయ్యి మోసుకెళ్లి రోడ్డు మీద పెట్టాం,
డంపర్లు పక్కకి తిప్పుకుని పోయినయ్.

క్రేను గుర్మేజ్ ఏం అడగలా.
వేరుశనక్కాయలు జేబులో పోసుకుని
రాత్రికి మా భోగిమంట కాడికొచ్చాడు.
ఆయన పండగా మాదీ ఒకే చీకట్లో పడ్డాయి.
రాతి పలకలకి కట్టే చెక్కలు విరిచి మంటేశాం.
గుప్పెడు నువ్వులు విసిరాడు మంటలోకి,
చిటపటమన్నాయి.
మా ఆయన మాలకొండయ్య
"తినేవి పారేస్తాడేందే" అని గొణిగి,
ఎవరూ చూడకుండా
తనూ నాలుగు విసిరాడు.

మిగిలింది అస్సాం పిలగాడు డింబేశ్వర్.
"నీకేం కావాల్రా?" అంటే
రెండు చేతులూ ఎడంగా పెట్టి
మూరెడు కొలత చూపించాడు.
వెదురు బొంగు.
అందులో బంకబియ్యం కూరి నిప్పుల్లో కాలుస్తారంట.
షామియానావాడిని బతిమాలి
విరిగిన గుంజ ఒకటి తెచ్చా.
బంకబియ్యం దొరకలా, నూకలు కూరా.
కాలింది. చీల్చాడు. నోట్లో పెట్టుకున్నాడు.
"ఇది కాదక్కా" అన్నాడు,
మొత్తం తిన్నాడు.

తిన్నాక, వచ్చీరాని తెలుగులో,
"అక్కా, నీకు పంట ఏది?"

చెయ్యెత్తి చూపించా
క్వారీవాళ్లు పనికిరాని బండలు పోసే గుట్ట.
దాని అడుగున రెండున్నర ఎకరాలు, శనగ.
దగా ఏం లేదు, ధర కట్టే తీసుకున్నారు.
ఈ రేకులు, ఈ గ్యాసు బండలు, ఆ డబ్బే.
కానీ ఈ నెలలో, కోడి కూయకముందే,
మా అత్త పాత పంచె ఒకటి పట్టుకెళ్లి
చేని మీద పరిచేది.
శనగాకు మీద మంచంతా పంచెకెక్కేది.
గిన్నెలోకి పిండితే పులుపు,
నాలిక జివ్వుమనే పులుపు.
కడుపునొప్పికి ఊరంతా మా ఇంటికే వచ్చేది.

ఆ పంచె ఇంకా ఉంది నా దగ్గర.
అన్నం గంగాళం మీద కప్పుతున్నా.

పండగైనా పన్నెండున్నరకి సైరన్ ఆగదు.
కూత వినపడగానే
రామ్‌సూరత్ పెరుగు గిన్నె మీద,
కైబల్య బియ్యం మీద,
ముత్తువేల్ పొంగలి మీద,
అందరూ అరచేతులు మూతలు పెట్టారు.
ఎవరూ ఎవరికీ చెప్పలా.
భూమి ఒకసారి దగ్గింది.
మూతలు గలగలమన్నాయి.
తెల్లటి దుమ్ము
మెల్లగా, తీరిగ్గా, మా చేతుల మీదికి దిగింది,
నల్లరాయి కడుపులో
అంత తెలుపు యాడుందో!

సాయంత్రం పంచె దులిపా.
ఊరికే, చూద్దామని, ఒక కొస పిండా.
పొడి రాలింది.

మాలకొండయ్య ఖాతా పుస్తకం తెరిచాడు.
బెల్లం ఆరు కిలోలు, నువ్వులు రెండు,
కొబ్బరికాయలు ఏడు, గుంజ ఒకటి.
"ఎవరి పేర రాసేదే?" అన్నాడు
పెన్సిలు నాలిక్కి రాసుకుంటా.

ఇంకా అట్నే కూచోనున్నాడు.