ఏది పైకి?

పెద్దవూరల మేర బుచ్చిలింగం దుకాణంల
నేను కాజాలు కుట్టే పిల్లగాణ్ణి.
ఒకనాడు పొద్దుగూకే యాళ్ళకు
గిర్దావరు సారు జీపు దిగిండు,
చేతిల ఒక కాయితం.

ఏదో దేశపు అధ్యక్షుడంట,
సాగర్ కట్ట చూడ వస్తున్నడంట,
బడిపిల్లలు సడక్ పొంటి నిలబడి
ఆయన జెండా ఊపాలెనంట.
రెండొందల పద్నాలుగు. ఎల్లుండి పొద్దుగాల్లకు.

బొమ్మ నల్లసిరాది.
పక్కన పెన్సిలుతోని ఎవరో రాసిండ్రు:
సగం ఎరుపు, సగం నీలం, నడుమ తెల్ల సున్న.
"ఏది పైకి సారూ?" అన్నడు బుచ్చిలింగం.
సారు కాయితాన్ని ఇటు తిప్పిండు, అటు తిప్పిండు.
"నువ్వయితే కుట్టు" అన్నడు.

రెండు రాత్రులు. కందిలి ఎలుగు.
మిషిను తొక్కుడు ఆయనది,
సోల బోర్లేసి గీసి సున్నలు కత్తిరిచ్చుడు నాది.
తెల్లారంగ నీలం గుడ్డ ఒడిసింది.
లోపలికి పోయి, ఈదమ్మ పెట్టెలకెల్లి
ఇంకా కుట్టని రైకగుడ్డ పట్టుకొచ్చిండు.
ఆమె ఏమనలేదు. తలుపు కాడ నిలబడి
కత్తెర పోయే దిక్కు చూసింది.
ఆఖరి పదకొండు జెండాల నీలం కొంచెం వేరు.

రాజులు రాజుల ఊళ్ళకు పోవుడు కొత్తదేం కాదు.
ఏనుగులెక్కి పోయిండ్రు, ఓడలెక్కి పోయిండ్రు,
పిల్లనడగ పోయిండ్రు, సంధికి పోయిండ్రు.
పానగల్లు గుడి రాళ్ళను
ఒక పంతులుతోని చదివిపిచ్చుకున్న.
చెరువు లెక్క ఉంది, ఇచ్చిన భూమి లెక్క ఉంది.
దారి పొంటి నిలబడ్డోళ్ళ లెక్క
అరిగిపోయిన కాడ ఉందేమో అన్నడు పంతులు, నవ్వి.

ఆ పొద్దు పిల్లల్ని ఎనిమిదింటికి నిలబెట్టిండ్రు.
పన్నెండయింది. గుగ్గిళ్ళు ఒడిసినయి.
కల్లుగీసే సత్తెయ్య బిడ్డ సొమ్మసిల్లింది.
అప్పుడు చెప్పిండ్రు, కార్ల రాడంట,
హెలికాప్టర్ల పోతడంట.
మోత వినబడంగనే పిల్లలంత
ఆకాశం దిక్కు జెండాలు ఊపిండ్రు.
పైకెల్లి ఆయనకేం కనబడ్డదో,
ఎవరో సడక్ మీద మిరపకాయలారబోసిండ్రనుకున్నడో.
అంత ఎత్తుకెల్లి చూస్తె
ఏది పైకి అని అడిగే పనే లేదు.

జెండకు పన్నెండు పైసలు.
తాసిల్దారు ఆఫీసుకు ఏడుసార్లు తిరిగిండు బుచ్చిలింగం.
ఎనిమిదోసారి బస్సు కిరాయి లెక్కేసుకోని
దుకాణంలనే కూసున్నడు.

జెండాలు ఇండ్లల్లకు పోయినయి,
గిన్నె దించే మసిబట్టలయినయి,
బాలింతల కాడ పొత్తిగుడ్డలయినయి.

చానేండ్లకు రేడియోల విన్న:
ఆ దేశం లేదంట, మూడు ముక్కలయిందంట,
ముక్కకో కొత్త జెండంట.
ఆ రాత్రి అక్కడ ఎవరో దర్జీ
కాయితాన్ని ఇటు తిప్పి, అటు తిప్పి
అడిగే ఉంటడు.

బుచ్చిలింగం మిషిను ఇప్పుడు నా దగ్గరుంది.
నూనె తుడిచే గుడ్డ ఆ పదకొండింట్ల ఒకటి,
రైకగుడ్డ మెత్తదనమే చెప్తది.
ఎరుపూ నీలం కలిసి ఒక్క మురికిరంగయినయి.
సున్న మాత్రం, రెండు వరసల కుట్టు కద,
కండ్లు మూసుకున్నా ఏలికి తగుల్తది.